‘నాకేం లేదు’ అంటున్న అమ్మాయికి వైద్యం మొదలుపెట్టేదెలా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. మా అమ్మాయికి పదిహేడేళ్ళు, ఇంటర్ రెండో సంవత్సరం. దసరా సెలవుల తర్వాత మనిషే మారిపోయింది. పదకొండింటికి లేస్తుంది. పలకరిస్తే విసుక్కుంటుంది, లేదంటే ఏడుస్తుంది. స్నేహితురాళ్ళ ఫోన్లు కూడా ఎత్తట్లేదు. మొన్నొక రాత్రి రెండింటికి వచ్చి నా పక్కన పడుకుని ‘నిద్ర పట్టట్లేదమ్మా’ అంది, అంతే. సైకియాట్రిస్టు దగ్గరకు తీసుకెళ్తే నోరు విప్పలేదు. ఆయన డిప్రెషన్ అని మందు రాసి, కౌన్సెలింగ్‌కు మాత్రం తను సిద్ధపడ్డాక తీసుకురమ్మన్నారు. ‘నాకేం లేదు’ అంటూ మందేమో వేసుకోనంటోంది. మావారు ‘దానికేటైంది? నాలుగు రోజులు ఫోన్ లాగేస్తే అదే దారికొస్తాది’ అంటారు. మా ఆడపడుచు సింహాచలం దర్శనానికని బయల్దేరదీసి దారిలో డాక్టరు దగ్గర ఆపమంటోంది. అలా చేయొచ్చా? తను సిద్ధమయ్యేదాకా ఆగాలా? – ఓ తల్లి

జవాబు: రెండూ వద్దమ్మా.

ముందు సింహాచలం సంగతి. అప్పన్న పేరు చెప్పి ఆస్పత్రి మెట్లెక్కిస్తే ఆ పూటకు పని జరుగుతుందేమో. రేపు మీరు ‘బీచికెళ్దాం రా’ అన్నా నమ్మదు. తన మాటకు ఇంట్లో విలువ లేదని ఇప్పటికే అనుకుంటూ ఉంటే, దాన్ని మీరే రుజువు చేసినట్టవుతుంది. పైగా అలా వచ్చిన పిల్ల ఎదురుగా కూర్చున్న డాక్టరుతో ఏం మాట్లాడుతుంది?

ఇక ఆగడం. ఈ జబ్బు మొదట దెబ్బకొట్టేదే ఏదైనా చేద్దామన్న పూనికను. అది పోయిన పిల్లను ‘నీకు పూనిక వచ్చాక వైద్యం చేయిస్తాం’ అనడం, జ్వరంతో నోరు చేదెక్కినవాణ్ణి ఆకలేశాక మందిస్తామన్నట్టుంటుంది.

మార్పుకు సిద్ధపడటంలో దశలుంటాయని 1980ల మొదట్లో ప్రొచాస్కా, డిక్లెమెంటె అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు చెప్పారు. వాళ్ళు గమనించింది సిగరెట్లు మానేవాళ్ళను. సమస్యే లేదనడం, ఉందేమోనని ఊగిసలాడటం, ఏదో ఒకటి చేయాలనుకోవడం, చేయడం, చేసింది నిలబెట్టుకోవడం. అందరూ వరసగా ఎక్కరు, జారుతూ ఎక్కుతూ ఉంటారు. ‘నాకేం లేదు’ అంటోంది కాబట్టి మీ అమ్మాయి మొదటి మెట్టు మీదే ఉందని మీరనుకుంటున్నారు. నాకలా అనిపించడం లేదు. ఏమీ లేదనుకునే పిల్ల రాత్రి రెండింటికి లేచొచ్చి అమ్మ పక్కన పడుకోదు. డిప్రెషన్‌కు వైద్యమంటే ఒప్పుకోకపోవచ్చు గానీ, నిద్ర పట్టేలా చేస్తామంటే ఒప్పుకునేలా ఉంది. మీకు దొరికిన కొస అదే.

ఒక అధ్యయనం గురించి చెప్తాను, మీవారికీ వినిపించండి. అమెరికాలో 12 నుంచి 17 ఏళ్ళ మధ్య డిప్రెషన్ ఉన్న 439 మంది పిల్లలకు వేర్వేరు వైద్యాలు చేసి చూసి, ఫలితాలు 2004లో ప్రచురించారు. 12 వారాలకు ఫ్లూఆక్సెటిన్ అనే డిప్రెషన్ మందూ, ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే కౌన్సెలింగూ కలిపి ఇచ్చినవాళ్ళలో 71 శాతం మంది బాగా తేరుకున్నారు. మందు ఒక్కటే ఇస్తే 61, కౌన్సెలింగ్ ఒక్కటే ఇస్తే 43, ఉత్తుత్తి మాత్ర ఇస్తే 35 శాతం. అదే పిల్లల సంసిద్ధతను తర్వాత పరిశీలించారు. నేను కూడా ఏదో చేయాలన్న పట్టుదల మొదట్లోనే ఎక్కువున్నవాళ్ళు, ఏ వైద్యమైనా సరే, బాగా కోలుకున్నారు. మీకు పనికొచ్చేది దాని తర్వాతి ముక్క: మొదటి ఆరు వారాల్లో ఆ పట్టుదల పెరిగినవాళ్ళకు డిప్రెషన్ కూడా ఎక్కువగా తగ్గింది. అంటే సంసిద్ధత వైద్యం నడుస్తుండగానే పెరగగలదు. దానికోసం గుమ్మంలో కాపలా కాయక్కర్లేదు.

మరి మాట ఎలా కదపాలి? ఎదురుగా కూర్చోబెట్టి మాత్రం వద్దు. స్కూటీ వెనక కూర్చున్నప్పుడో, మీరు వంటింట్లో చిక్కుళ్ళు ఈనె తీస్తున్నప్పుడో, కళ్ళలో కళ్ళు పెట్టాల్సిన పని లేనిచోట అడగండి. ‘రాత్రి సరిగ్గా నిద్రపోవాలని నీకు పదికి ఎంత ఉంది?’ అనండి. ‘మూడు’ అంటుందనుకోండి. మూడేనా అనొద్దు, అక్కడే అందరం తప్పులో కాలేస్తాం. ‘సున్నా అనకుండా మూడన్నావేం?’ అని అడగండి. దానికి తను చెప్పే జవాబులో తన కారణాలుంటాయి. ‘తలనొప్పిగా ఉంటోంది’ అనొచ్చు, ‘క్లాసులో ఏదీ ఎక్కట్లేదు’ అనొచ్చు. మీ నోటి నుంచి వచ్చిన పది కారణాలకన్నా అదొక్కటీ బలమైనది. వెంటనే సలహా అందించకండి. ‘అంటే క్లాసులో ఏమీ ఎక్కకపోవడం నీకే భయంగా ఉందన్నమాట’ అని ఆపేయండి. కాసేపు నిశ్శబ్దంగా ఉన్నా ఫరవాలేదు.

రెండోసారో మూడోసారో ‘నిద్ర గురించి ఒక్కసారి డాక్టర్ని అడుగుదామా? ఇష్టంలేని ప్రశ్నకు జవాబు చెప్పక్కర్లేదు, కాసేపు నేను బయట కూర్చుంటాను’ అనండి. అన్నట్టే బయట కూర్చోండి. చాలామంది పిల్లలు గదిలో నోరు విప్పకపోవడానికి కారణం పక్కనున్న మనమే. మొన్నటి డాక్టరు నచ్చకపోతే ఇంకొకరిని తనే ఎంచుకోనివ్వండి. థైరాయిడ్, రక్తహీనత లాంటివి కూడా నీరసానికీ దిగులుకూ కారణమవుతాయి కాబట్టి రక్తపరీక్షల మాట అడగండి. రక్తపరీక్షకైతే తను ఒప్పుకోవచ్చు.

మందు గురించి రెండు మాటలు. ఇది పని మొదలుపెట్టడానికి కొన్ని వారాలు పడుతుంది, వారంలో తేడా లేదని మానేయకూడదు. తేరుకున్నాక కూడా కొన్ని నెలలు వాడమంటారు, ఎప్పుడు ఎలా ఆపాలో డాక్టరే చెప్పాలి. మొదటి వారాల్లో కొందరు పిల్లల్లో అలజడి, చావు ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది, అందుకే అప్పుడు దగ్గరగా చూసుకోవాలి. మాత్రలు మీ దగ్గరే పెట్టుకుని ఏ పూటది ఆ పూట ఇవ్వండి.

ఒక్క విషయంలో మాత్రం సంసిద్ధత కోసం చూడొద్దు. ‘చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ?’ అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన మనమే తెచ్చినట్టవుతుందన్న భయం నిజం కాదు. అవునన్నా, ఒంటిని గాయపరుచుకుంటున్నట్టు కనిపించినా, తను ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆరోజే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. దాపరికం లేకుండా, ఎందుకో చెప్పే తీసుకెళ్ళండి. ఒంటరిగా వదలకండి. పురుగుమందులు, మాత్రలు ఇంట్లో అందేచోట ఉంచకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. ఆ పేరెత్తగానే ‘రేపు పెళ్ళి సంబంధాలు’ అంటూ మీ ఆడపడుచు మొదలెట్టొచ్చు. ఓపీలో చూపించుకుని వచ్చినంత మాత్రాన ఎవరి నుదుటా ఏమీ రాసుండదు.

మీవారికి కూడా కొంచెం సంసిద్ధత కావాలి. ఈ వయసులో డిప్రెషన్ దిగులుగానే కాదు, విసుగుగా, కోపంగా కూడా బయటపడుతుంది, అందుకే ఇళ్ళల్లో బద్ధకమనీ పొగరనీ అనుకుంటారు. ఫోన్ లాక్కుంటే స్నేహితులతో మిగిలిన కాస్త దారీ మూసుకుపోతుంది. రాత్రి పడుకునే వేళకు ఇంట్లో అందరి ఫోన్లూ, ఆయనదీ కలిపి, హాల్లో ఛార్జింగు పెట్టే ఏర్పాటు చేస్తే అది వేరు. పగలు ఒక్క పని ఉండేలా చూడండి. ఆయనకు వీలైతే సాయంత్రం తనను బండి మీద యారాడ వైపు ఓ చుట్టు తిప్పి తీసుకురమ్మనండి. చదువు, ఈఏపీసెట్ మాట ఎత్తకుండా తిప్పాలి.

ఈ వారమే మీరిద్దరూ సైకాలజిస్టును కలవండి, అమ్మాయి రాకపోయినా సరే. ఎక్కడికెళ్తున్నారో, ఎందుకెళ్తున్నారో ముందే తనతో చెప్పి వెళ్ళండి. ‘నేనూ వస్తా’ అంటే సరే. అనకపోతే, తిరిగొచ్చాక అక్కడ మీకేం చెప్పారో దాచకుండా చెప్పండి, తనేం చేయాలో మాత్రం ఆ పూట చెప్పొద్దు.