తొమ్మిదేళ్ల ఆడిట్ ఉద్యోగం తర్వాత ఆర్కిటెక్చర్ మొదటి సెమిస్టర్

మీరు అడిగింది ఇది: వయసు ముప్పై దాటింది, వేరే రంగంలో స్థిరమైన ఉద్యోగం ఉంది, బొమ్మలు వేయడం రాదు, అయినా ఆర్కిటెక్చర్ మాస్టర్స్‌లో చేరాలని ఉంది, మొదటి సెమిస్టర్ తట్టుకోగలనా అని. నేను తొమ్మిదేళ్లు ఆడిట్‌లో పనిచేసి, ముప్పై మూడో ఏట అమెరికాలో మూడేళ్ల ఎం.ఆర్క్‌లో చేరాను. ఆర్కిటెక్చర్ చదవని వాళ్ల కోసమే పెట్టిన కోర్సు అది. అందుకే మీ ప్రశ్న చూసి జవాబు రాయకుండా ఉండలేకపోయాను. కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు బొమ్మల భయం సంగతి. అది నెల తిరక్కుండానే పోతుంది. అక్కడ గీయాల్సింది మనిషి ముఖమో పూలకుండీయో కాదు. స్కేలు, సెట్ స్క్వేర్ పట్టుకుని కొలత ప్రకారం గీత గీయడం. రాయగా రాయగా చేతిరాత కుదిరినట్టే అదీ కుదురుతుంది. నాకు అంతకంటే కష్టమైంది, ఆ గీత ఏం చెబుతోందో అర్థం చేసుకోవడం. మొదటి వారం ఒక మెట్లదారిని టేపుతో కొలిచి 1:20 స్కేల్లో, అంటే అసలు కొలతలో ఇరవయ్యో వంతుగా, గీసుకురమ్మన్నారు. ప్లాన్ అంటే భవనాన్ని పైనుంచి చూస్తే కనిపించే బొమ్మ అని అప్పటిదాకా అనుకుంటూ వచ్చాను. నిజానికి నేల నుంచి సుమారు 1.2 మీటర్ల ఎత్తులో భవనాన్ని అడ్డంగా కోసి, పైభాగం తీసేసి, కిందికి చూస్తే కనిపించేది ప్లాన్. నిలువుగా కోస్తే సెక్షన్. కోత తగిలిన గోడలకు, శ్లాబులకు మందపాటి గీత వస్తుంది, కోతకు అవతల దూరంగా కనిపించేవాటికి సన్న గీత. నా షీట్ మీద గీతలన్నీ ఒకే మందం. ప్రొఫెసర్ గారు చాలాసేపు చూసి, "దీన్ని ఎక్కడ కోశారు?" అని ఒకే ప్రశ్న అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అదే షీట్ నాలుగుసార్లు మళ్లీ గీశాను. నాలుగోసారికి మెట్లు కాగితం మీద లోతుగా కనబడ్డాయి. ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఇక అసలు కష్టం. మీలాగా ఉద్యోగం చేసి వచ్చేవాళ్లందరూ దీనికి సిద్ధపడాలని నా ఉద్దేశం. ఆడిట్‌లో ఫైల్ పైకి వెళ్లాలంటే ముందు అన్నీ సరిచూసుకోవాలి. తప్పులున్న కాగితం ఎవరికైనా చూపించడం సిగ్గుచేటు అన్నట్టు పెరిగాను అక్కడ. స్టూడియోలో, అంటే డిజైన్ ప్రాజెక్టులు చేసే క్లాసులో, దానికి పూర్తిగా విరుద్ధం. వారానికి మూడు మధ్యాహ్నాలు, ఒక్కోటి నాలుగు గంటలు. ప్రొఫెసర్ ఒక్కొక్కరి బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంటారు. దాన్ని డెస్క్ క్రిట్ అంటారు. మీ ముందున్న డ్రాయింగులు, మోడళ్లు చూసి మాట్లాడతారు. మీ ముందు ఏమీ లేకపోతే మాట్లాడటానికీ ఏమీ ఉండదు.

రెండో ప్రాజెక్టులో నాకు ఇది బాగా తెలిసొచ్చింది. అది తొమ్మిది గడుల గ్రిడ్. 1950ల్లో టెక్సస్ యూనివర్సిటీలో ఆర్కిటెక్ట్ జాన్ హేడక్, ఆయన సహచరులు పాఠంగా మలిచిన అభ్యాసం, ఆ తర్వాత చాలా స్కూళ్లకు పాకింది. అటు మూడు, ఇటు మూడు గడులు. స్తంభాలు, దూలాలు, పలకలు తప్ప ఇంకేమీ వాడకూడదు. వాటితోనే లోపల, బయట, మధ్య, అంచు అనే తేడాలు తీసుకురావాలి. నేను పది రోజులు బుర్రలోనే ఆలోచించాను. నోట్‌బుక్ నిండా పాయింట్లు రాసుకున్నాను. చివరికి చాలా శుభ్రంగా ఒకే ఒక్క మోడల్ చేశాను. నా పక్క బల్ల కుర్రాడు, ఇరవై రెండేళ్లవాడు, ముతక అట్టతో పదకొండు చేశాడు. కొన్ని జిగురు కూడా సరిగా ఆరకుండా వంకరగా ఉన్నాయి. ప్రొఫెసర్ అతని దగ్గర నలభై నిమిషాలు కూర్చున్నారు. రెండు మోడళ్లు పక్కపక్కన పెట్టి, ఒకదాన్ని తిరగేసి, ఇంకోదాంట్లో ఒక పలక పీకేసి చూపించారు. నా దగ్గరికి వచ్చాక నేను పది నిమిషాలు వివరించాను. ఆవిడ ఓపిగ్గా విని, "మీరు చెప్పినవన్నీ బాగున్నాయి. వాటిలో ఒక్కటి కూడా ఈ మోడల్‌లో నాకు కనిపించట్లేదు. మళ్లీసారి మీరు మాట్లాడొద్దు, మూడు మోడళ్లు పెట్టండి చాలు" అన్నారు.

ఆ రాత్రి ఏడుపొచ్చింది, దాచుకోను. తొమ్మిదేళ్లు మీటింగుల్లో మాటతోనే నెగ్గుకొచ్చాను. ఆ మాట ఇక్కడ చెల్లలేదు. కానీ ఆవిడ చెప్పిన పని చేశాను. ప్రతి డెస్క్ క్రిట్‌కీ మూడు, ఒక్కోదానికి అరగంట మించకుండా, బాగున్నా బాగోకున్నా. మొదటి రెండు వారాలు చేతకాని పని చూపిస్తున్నానన్న టెన్షన్ కడుపులో ఉండేది. మూడో వారం ఒక మోడల్‌లో పొరపాటున ఒక పలక అరగడి పక్కకు జరిగి అంటుకుంది. దాంతో మధ్య గడిలోకి నేరుగా కాకుండా పక్కనుంచి అడుగుపెట్టే దారి వచ్చింది. బుర్రలో ఎన్ని రోజులు ఆలోచించినా నాకది తట్టేది కాదు. మోడల్ అంటే మన ఆలోచనను ఇతరులకు చూపించే వస్తువని అప్పటిదాకా అనుకున్నాను. మనం ఆలోచించేదే దానితో అని ఆ రోజు అర్థమైంది.

మధ్యలో వచ్చే రివ్యూ గురించి కూడా చెప్పాలి, అందరూ భయపడేది దానికే కాబట్టి. పని గోడకు అతికించి నిలబడాలి, బయటి నుంచి వచ్చిన ఆర్కిటెక్టులు, వేరే ప్రొఫెసర్లు చూసి ప్రశ్నిస్తారు. అప్పటి ప్రాజెక్టు రెండంతస్తుల చిన్న పఠనశాల. నా సెక్షన్ చూసి ఒక పెద్దాయన, "ఈ మెట్లెక్కి పైకి వెళ్లగలరా?" అని అడిగారు. అంతస్తు ఎత్తు 3.3 మీటర్లు పెట్టాను. మెట్టు ఎత్తు 16.5 సెంటీమీటర్లయితే ఇరవై మెట్లు కావాలి. అడుగుపెట్టే వెడల్పు 28 సెంటీమీటర్ల లెక్కన పంతొమ్మిది మెట్లకు (ఇరవయ్యోది పై అంతస్తు నేలే) 5.32 మీటర్ల పొడవు పడుతుంది. నేను వదిలిన చోటు మూడు మీటర్లు. సగానికి వచ్చేసరికి మనిషి తల పై శ్లాబుకు తగులుతుంది. లెక్కలే వృత్తిగా బతికిన నాకు ఆ కూడిక చేయాలని తోచలేదు. ఎందుకంటే మెట్లను నేను బొమ్మగా గీశాను, ఎవరో ఎక్కేవాటిగా ఊహించలేదు. ఫ్రెంచ్ ఆర్కిటెక్ట్ ఫ్రాంస్వా బ్లోందెల్ 17వ శతాబ్దంలోనే దీనికి సూత్రం చెప్పాడని తర్వాత చదివాను. మెట్టు ఎత్తును రెండింతలు చేసి వెడల్పు కలిపితే మనిషి ఒక అంగకు సరిపోవాలి. ఇప్పుడు వాడుకలో అది సుమారు 60 నుంచి 65 సెంటీమీటర్లు. 33కు 28 కలిపితే 61, నా మెట్లు ఆ లెక్కకు సరిపోయాయి, చోటే సరిపోలేదు. అప్పటి నుంచి జేబులో టేపు లేకుండా బయటికి వెళ్లలేదు. తలుపులు, కుర్చీలు, కిటికీ గట్లు, చేతిపట్టీలు, కనబడ్డవన్నీ కొలిచి రాసుకునేదాకా నిద్రపట్టేది కాదు.

ఆ రివ్యూకి ముందు రెండు రాత్రులు నిద్రపోలేదు. మెట్ల తప్పు కనబడకపోవడానికి అదీ ఒక కారణమని గట్టిగా నమ్ముతున్నాను. తెల్లవారుజామున మొండిబారిన బ్లేడుతో అట్ట కోస్తుంటే అది జారి వేలు తెగింది. ఉదయం ప్లాటర్ (పెద్ద షీట్లు ప్రింట్ చేసే యంత్రం) ముందు పెద్ద క్యూ, నా షీట్లలో ఒకటి ప్రింటే కాలేదు. స్టూడియోల్లో రాత్రంతా మేలుకోవడాన్ని గొప్పగా చెప్పుకునే అలవాటుంది. దయచేసి అందులో పడకండి. కుర్రవాళ్లకు కూడా మంచిది కాదు, మనకు అసలే కాదు. రివ్యూకి ముందురోజు సాయంత్రానికి ప్రింట్లు చేతిలో ఉండాలని నేను పెట్టుకున్న నియమం చివరి రివ్యూలో నన్ను కాపాడింది. బ్లేడు మాత్రం పిసినారితనం చూపకుండా తరచూ మార్చండి.

స్ట్రక్చర్స్ క్లాసు నాకు ఊపిరి తీసుకునే చోటు. మామూలు లెక్కలే, భయపడాల్సిన గణితం లేదు. దూలం లోతును రెట్టింపు చేస్తే దాని బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం, ఎనిమిది రెట్లవుతుంది. మీటరుకు అంతే బరువు చొప్పున పరచుకుని ఉంటే, పొడవును రెట్టింపు చేసినప్పుడు వంగడం పదహారు రెట్లవుతుంది. ఈ రెండూ తెలిశాక ఏ భవనంలోకి వెళ్లినా ముందు పైకే చూడటం మొదలైంది. లెక్కలంటే బెదిరే కుర్రాళ్లకు మేం ఇద్దరు ముగ్గురం వాటిని విడమరచి రాసిచ్చేవాళ్లం. బదులుగా వాళ్లు నాకు రైనో అనే త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్పారు. సాఫ్ట్‌వేర్ గురించి ఇంతకంటే చెప్పాల్సింది పెద్దగా లేదు, వస్తుంది. ఒకటే జాగ్రత్త: స్క్రీన్ మీద ఎంతైనా దగ్గరికి లాగి చూడొచ్చు కాబట్టి సైజు తెలియకుండా పోతుంది. అప్పుడప్పుడు ప్రింట్ తీసి, పక్కన అదే స్కేల్లో మనిషి బొమ్మ కత్తిరించి పెట్టుకోండి.

చరిత్ర క్లాసులో నాకు ధైర్యమిచ్చిన సంగతి, వేరే దారిలో వచ్చినవాళ్లు ఈ వృత్తిలో ఎప్పుడూ ఉన్నారు. ఫ్లోరెన్స్ కథెడ్రల్ గుమ్మటం కట్టిన బ్రునెలెస్కీ కంసాలి పని నేర్చుకున్నవాడు. లండన్ సెయింట్ పాల్స్ రూపకర్త క్రిస్టఫర్ రెన్ అంతకుముందు ఆక్స్‌ఫర్డ్‌లో ఖగోళశాస్త్ర ప్రొఫెసర్. 1995లో ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న తడావో ఆండో ఆర్కిటెక్చర్ స్కూల్లోనే చదవలేదు, బాక్సింగ్ చేసేవాడు. బాగా దిగులుగా ఉన్న రోజుల్లో ఈ పేర్లు తలుచుకునేవాళ్లం.

మీ పాత ఉద్యోగం పనికొస్తుందా అంటే, వస్తుంది, కానీ మొదటి రెండు నెలల్లో వెతక్కండి. నాకది సెమిస్టర్ చివర్లో కనిపించింది. ఆడిట్‌లో ప్రతి అంకెకూ ఆధారం ఏమిటని అడుగుతాం. చివరి ప్రాజెక్టులో ప్రతి గోడనూ అలాగే అడగడం మొదలుపెట్టాను. ఇది దేన్ని మోస్తోంది, ఏ వెలుతురును ఆపుతోంది, తీసేస్తే ఏమవుతుంది అని. జవాబు లేని గోడలు ఆరు తీసేశాను. చివరి రివ్యూలో నా సెక్షన్ ముందు ఇద్దరు అతిథులు ఉత్తరపు వెలుతురు గురించి వాదించుకున్నారు, నేను పక్కన నిలబడి రాసుకున్నాను. నన్ను మెచ్చుకోలేదు. నా డ్రాయింగ్ గురించి ఐదు నిమిషాలు నిజంగా మాట్లాడుకున్నారు, నేనేమీ వివరించకుండానే.

ఇంట్లోవాళ్లతో మాత్రం ముందే కూర్చుని మాట్లాడండి. వారాంతాలు దాదాపు ఉండవు. మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు స్టూడియో ఊసెత్తకూడదని ఒప్పందం చేసుకున్నాం. రెండుసార్లు తప్పాను, రెండుసార్లూ ఇంట్లో బాధపడ్డారు.

చేరేముందు లైసెన్స్ దారి కూడా చూసుకోండి. అమెరికాలో అయితే ఆ డిగ్రీకి నాబ్ (ఆర్కిటెక్చర్ డిగ్రీలను పరిశీలించే సంస్థ) గుర్తింపు ఉందో లేదో చూడాలి. డిగ్రీతో పాటు 3,740 గంటల పని అనుభవం నమోదు చేయాలి, ఆరు భాగాల పరీక్ష రాయాలి. భారత్‌లో ఈ దారి వేరు, అక్కడ ఎం.ఆర్క్‌కు ముందు ఐదేళ్ల బి.ఆర్క్ ఉండాలి.

చేరడానికి ఇంకా నెలలున్నాయి అంటున్నారు కదా. ఈ వారం మీరుండే గదిని టేపుతో కొలిచి, 1:50లో ఒక ప్లాన్, ఒక సెక్షన్ పెన్సిల్‌తో గీయండి. ఎక్కడ కోశారో ముందే నిర్ణయించుకోండి. సగం అయ్యాక ఆపి, అలాగే ఎవరికైనా చూపించండి, ఏమీ వివరించకుండా. వాళ్లకు ఏం కనిపించిందో విని, మిగతా సగం ఆ తర్వాత గీయండి.