ఆర్‌ఎక్స్ 100కు ఎఫ్‌జెడ్ హ్యాండిల్, స్విచ్‌లు బిగించవచ్చా? నా అనుభవంతో జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: 1994 నాటి యమహా ఆర్‌ఎక్స్ 100 హ్యాండిల్ వంగిపోయింది, స్విచ్‌లు పాడయ్యాయి, దొరికిన ఎఫ్‌జెడ్ (యమహా వారిదే మరో బైకు) హ్యాండిల్‌ను లివర్లు, గ్రిప్పు, స్విచ్‌లతో సహా యథాతథంగా ఎక్కించాలనుకుంటున్నారు. మెకానిక్ ఏమో వైర్లు కోసి రంగుకు రంగు కలిపేస్తే పని అయిపోతుందంటున్నారు. ఇదే మార్పు నేను హైదరాబాద్‌లో నా ఆర్‌ఎక్స్ 100కు చేయించుకుని, ఆ బండి మీదే ఇప్పటికీ ఆఫీసుకు వెళ్లివస్తున్నాను. కాబట్టి నిస్సందేహంగా చెబుతున్నాను: బిగించవచ్చు. అయితే ఎఫ్‌జెడ్ నుంచి హ్యాండిల్ గొట్టమూ, ఎడమవైపు స్విచ్ అసెంబ్లీ మాత్రమే తీసుకోండి. యాక్సిలరేటర్ గ్రిప్పు, క్లచ్ లివర్, ముందు బ్రేకు లివర్ ఆర్‌ఎక్స్‌వే ఉంచండి. గొట్టం మన చేతులకు సరిపోతే చాలు, లివర్లూ గ్రిప్పూ మాత్రం ఇంజన్‌కు సరిపోవాలి. ఈ తేడా గుర్తించకుండా చేసే మార్పుల వల్లనే చాలా మంచి పాత బళ్లు పాడవుతున్నాయి.

గొట్టం సంగతి తేలిక. మన దేశంలో తిరిగే యమహా, హోండా, బజాజ్ బళ్లలో ఎక్కువ వాటికి హ్యాండిల్ గొట్టం బయటి వ్యాసం 22 మిల్లీమీటర్లు. యాక్సెసరీ షాపుల్లో అమ్మే లావు అల్యూమినియం హ్యాండిళ్లకు మధ్యభాగం 28.6 మిల్లీమీటర్లు ఉంటుంది. అవి మీ క్లాంపులో (హ్యాండిల్‌ను ఫోర్కు పైభాగానికి బిగించే పట్టులో) కూర్చోవు, కాబట్టి కొనే ముందు వెర్నియర్ (వ్యాసం కొలిచే పరికరం) పెట్టి కొలవండి. గొట్టం మధ్యలో గరుకు గీతలున్న భాగం సరిగ్గా క్లాంపుల కిందికి వస్తోందా అన్నది కూడా చూడాలి. ఆ గీతలు క్లాంపు పక్కకు జరిగితే ఎంత బిగించినా గుంతలో పడ్డప్పుడల్లా హ్యాండిల్ కిందికి తిరుగుతుంది. వంగిన గొట్టాన్ని వేడి చేసి సరిచేయిస్తామని ఎవరైనా చెబితే దయచేసి ఒప్పుకోకండి.

ఇక యాక్సిలరేటర్. ఈ బండిలో అన్నిటికంటే జాగ్రత్త పడవలసింది ఇక్కడే. ఆర్‌ఎక్స్ 100 టూ స్ట్రోక్ బండి, అంటే పెట్రోలుతో పాటు నూనె కూడా ఇంజన్‌లో కాలుతుంది. ఇందులో గ్రిప్పు నుంచి వచ్చే వైరు (కరెంటుది కాదు, లాగే కేబులు) మధ్యలో రెండుగా చీలి, ఒకటి కార్బ్యురేటర్ స్లైడుకూ (పైకి లేచి ఇంజన్‌లోకి గాలి, పెట్రోలు వదిలే భాగం), మరొకటి ఇంజన్ ఆయిల్ పంపుకూ వెళ్తుంది. గ్రిప్పు ఎంత తిప్పితే పంపు అంత నూనె పోస్తుంది. వేరే బండి గ్రిప్పులో వైరు చుట్టుకునే డ్రమ్ము వ్యాసం వేరుగా ఉంటుంది. అది చిన్నదైతే చివరిదాకా తిప్పినా స్లైడు పూర్తిగా లేవదు. పెద్దదైతే కొంచెం తిప్పగానే స్లైడు చివరికి చేరి, ఆపైన చేయి లాగే బలమంతా వైరు మీద పడుతుంది. అంతకంటే ప్రమాదకరమైనది వైరు పొడవు. హ్యాండిల్ వెడల్పు పెరిగిందని వైరును అక్కడా ఇక్కడా పొడిగించినప్పుడు రెండు కొమ్మల పొడవులు సరిపోలకపోతే, కార్బ్యురేటర్ పూర్తిగా తెరుచుకున్నా పంపు వెనకబడి ఉంటుంది. అప్పుడు పెట్రోలు నిండుగా, నూనె తక్కువగా వెళ్లి, ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డులాంటి ఖాళీ దారిలో కాసేపు వేగంగా వెళ్తే పిస్టన్ పట్టేస్తుంది (సిలిండర్‌లో బిగుసుకుపోతుంది). అందుకే వైరు ముట్టుకున్న ప్రతిసారీ పంపు పుల్లీ మీది గుర్తు, పక్కనున్న పిన్నుతో మాన్యువల్‌లో చెప్పిన స్థితిలో కలుస్తోందో లేదో చూడాలి. మన ఊళ్లో చాలామంది పంపు తీసేసి పెట్రోల్‌లోనే నూనె కలుపుతున్నారు. మీ బండీ అలాంటిదే అయితే ఈ బాధ లేదు, కానీ డ్రమ్ము కొలత సమస్య అలాగే ఉంటుంది.

క్లచ్ విషయంలో ఒక్క కొలత తీసుకోండి. లివర్ తిరిగే బోల్టు మధ్య నుంచి వైరు చివరి గుండు కూర్చునే రంధ్రం మధ్య దాకా ఎంత దూరముందో రెండు లివర్లకూ కొలవండి. ఆ దూరం కొత్తదానిలో ఎక్కువుంటే వైరు ఎక్కువ లాగుతుంది, కానీ లివర్ బరువెక్కుతుంది. సాయంత్రం అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా ఆగి ఆగి వెళ్లేవారికి ఆ తేడా మణికట్టులో తెలుస్తుంది. దూరం తక్కువైతే లివర్ మెత్తగా ఉంటుంది గానీ క్లచ్ పూర్తిగా విడవదు, సిగ్నల్ దగ్గర న్యూట్రల్ పడక విసిగిస్తుంది. ఆర్‌ఎక్స్ లివర్ ఉంచుకుంటే ఈ లెక్కతో పని ఉండదు.

కొత్త గొట్టం వెడల్పు వల్ల క్లచ్ వైరు పొడవు చాలకపోతే, పుత్లీబౌలిలోనో రాణిగంజ్‌లోనో వెతికి పొడవైనది తీసుకోండి, లేదా కట్టించుకోండి. కట్టించేటప్పుడు దగ్గర నిలబడి ఒకటి గమనించండి. లోపలి తీగను ఇత్తడి గుండులోకి దూర్చాక, దాని చివరి పోగులను విడదీసి, పువ్వులా విప్పి, గుండు గుంతలో పరిచి, ఆపైన టంకం పోయాలి. పోగులు విప్పకుండా నిటారుగా ఉంచి పైపైన టంకం పెడితే, అది పట్టుకున్నది కేవలం ఉపరితలాన్నే కాబట్టి, కొన్నాళ్లకు గుండు చేతిలోకి ఊడి వస్తుంది. సైకిల్‌కు వాడే స్క్రూ బిగించే గుండు క్లచ్‌కు గానీ యాక్సిలరేటర్‌కు గానీ అసలు పనికిరాదు.

ముందు బ్రేకు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మీది డ్రమ్ము, ఎఫ్‌జెడ్‌ది డిస్కు. దాని మాస్టర్ సిలిండర్ (నూనె ఒత్తిడితో డిస్కు బ్రేకును నడిపే భాగం) మీకు అవసరం లేదు. మీ వైరు లివర్, దానికున్న బ్రేకు లైటు స్విచ్‌తో సహా కొత్త గొట్టానికి ఎక్కించండి.

వైరింగ్‌లో మీ మెకానిక్ మాటతో నేను ఏకీభవించను. రెండూ యమహా బళ్లే కావడం మీ అదృష్టం. యమహా సాధారణంగా తాళం తిప్పాక కరెంటు వచ్చే వైరుకు గోధుమ రంగు, ఎర్త్‌కు నలుపు, హారన్‌కు గులాబీ, హై బీమ్‌కు పసుపు, లో బీమ్‌కు ఆకుపచ్చ వాడుతుంది. అదే హోండా వరుసలో నలుపు అంటే తాళం తిప్పాక వచ్చే కరెంటు, ఆకుపచ్చ అంటే ఎర్త్. స్ప్లెండర్ స్విచ్ తెచ్చి ఆర్‌ఎక్స్‌కు రంగుకు రంగు కలిపితే కరెంటు వైరును నేరుగా ఎర్త్‌కు తగిలించినట్టే. యమహాకు యమహా అయినా, ముప్ఫై ఏళ్ల బండిలో ఎవరెవరు ఎక్కడ ఏ వైరు మార్చారో తెలియదు కాబట్టి, ప్రతి వైరునూ మల్టీమీటరుతో పరీక్షించి, కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే కలపాలి.

మూడు చోట్ల ప్రత్యేకంగా చూడండి. హారన్ బటన్ కొన్ని బళ్లలో హారన్‌కు ఎర్త్ ఇస్తుంది, కొన్నిటిలో కరెంటు ఇస్తుంది. ఆర్‌ఎక్స్‌లో అది ఎర్త్ ఇచ్చే రకం. రెండోది, కుడివైపు ఇంజన్ ఆపే స్విచ్‌ను కూడా వాడాలనిపిస్తే చాలా జాగ్రత్త. మాగ్నెటోతో (ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే భాగంతో) నడిచే పాత సీడీఐ (స్పార్కు ఇచ్చే ఎలక్ట్రానిక్ యూనిట్) బళ్లలో ఆపే వైరును ఎర్త్ చేస్తే ఇంజన్ ఆగుతుంది. కొత్త బళ్లలో అదే స్విచ్ కరెంటును తెంపి ఆపుతుంది. ఒకదాని స్విచ్ మరొకదానికి తగిలిస్తే నడిచే స్థానంలో ఇంజన్ ఆగిపోతుంది, బ్యాటరీ కరెంటు ఆ వైరులోకి వెళ్తే సీడీఐ యూనిటే కాలిపోవచ్చు. తాళంతో ఆపే ఏర్పాటు ఉండగా దాని జోలికి పోకండి. మూడోది, ఎదుటివారికి లైటు కొట్టే పాస్ బటన్. ఆర్‌ఎక్స్ హెడ్‌లైట్ మాగ్నెటో నుంచి వచ్చే ఏసీ కరెంటుతో వెలుగుతుంది, ఇంజన్ రేజ్ చేసినకొద్దీ వెలుగు పెరగడం మీరూ గమనించే ఉంటారు. పాస్ బటన్ బ్యాటరీ కరెంటును హై బీమ్ వైరులోకి పంపుతుంది, లైటు వెలుగుతుండగా నొక్కితే రెండు కరెంట్లు ఒకే వైరులో ఎదురవుతాయి. పాస్ బటన్ వైరును స్లీవ్ వేసి, విడిగా కట్టి వదిలేయడం మేలు.

స్విచ్ అసెంబ్లీ ఏ సంవత్సరపు బండిదో అడిగి తీసుకోండి. 2017 ఏప్రిల్ 1 నుంచి తయారైన ద్విచక్ర వాహనాలకు హెడ్‌లైట్ ఎప్పుడూ వెలుగుతూ ఉండాలన్న నిబంధన వచ్చింది కాబట్టి, ఆ తర్వాతి స్విచ్‌లలో లైటు ఆర్పే మీట ఉండదు. 2008లో వచ్చిన మొదటి తరం ఎఫ్‌జెడ్ స్విచ్ దొరికితే మీకు అనుకూలం. జాయింట్లన్నీ హెడ్‌లైట్ డూమ్ లోపలే ఉండేలా చేయించి, టేపు మీద ఆధారపడకుండా కప్లర్లు (వైర్లను కలిపే ప్లాస్టిక్ ప్లగ్గులు) వేయించండి. మన వానాకాలానికి టేపు నిలవదు.

స్విచ్ లోపల చిన్న పిన్ను ఉంటుంది, అది గొట్టంలోని రంధ్రంలో కూర్చుని స్విచ్ తిరగకుండా ఆపుతుంది. ఎఫ్‌జెడ్ గొట్టానికి ఎడమ రంధ్రం ఉంటుంది గానీ, ఆర్‌ఎక్స్ గ్రిప్పు హౌసింగ్‌కు కుడివైపు కొత్తది వేయవలసి రావచ్చు. పిన్ను చెక్కేయమంటారు చాలామంది. యాక్సిలరేటర్ వైపు ఆ పని చేయించకండి. హౌసింగ్ చోటు ఖాయం చేసుకుని, పిన్ను లావుకు సరిపడా ఒక్క రంధ్రమే వేయించండి.

అన్నీ బిగించాక, బండిని సెంటర్ స్టాండ్ వేసి స్టార్ట్ చేసి, హ్యాండిల్‌ను ఎడమ చివరికీ కుడి చివరికీ నెమ్మదిగా తిప్పండి. ఇంజన్ శబ్దం ఏ వైపున కాస్త పెరిగినా యాక్సిలరేటర్ వైరు బిగుసుకుంటోందని అర్థం. దాని దారి మార్చేదాకా బండి బయటికి తీయకండి. నా బండిలో ఎడమ మలుపు చివర ఇలాగే జరిగితే వైరును ఫోర్కుకు లోపలివైపు నుంచి తిప్పాక సరిపోయింది. బొటనవేలు ట్యాంకుకు తగలకూడదు, గ్రిప్పు వదలగానే చప్పున వెనక్కి రావాలి.

మీ బండికి పదిహేనేళ్లు ఎప్పుడో దాటాయి కాబట్టి ఐదేళ్లకోసారి ఆర్‌టీఏలో (రవాణా శాఖ కార్యాలయంలో) రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు చూపించక తప్పదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆర్‌సీలో ఉన్న వివరాలకు విరుద్ధంగా మార్పులు చేయకూడదంటుంది. ఇంజన్, ఛాసిస్, రంగు ముట్టుకోకుండా, హారన్, ఇండికేటర్లు, రెండు అద్దాలు సక్రమంగా ఉంచుకుని వెళ్లండి. మీ పాత హ్యాండిల్ ఎంత వంగినా అమ్మేయకండి, దాని క్లాంపులు, లివర్ బ్రాకెట్లు మళ్లీ అసలువి దొరకడం కష్టం. 1996లో ఆర్‌ఎక్స్ 100 తయారీ ఆగిపోయాక, మార్కెట్‌లో కనిపించేవాటిలో ఎక్కువ భాగం నకళ్లే. రెండు క్లచ్ లివర్ల కొలతలు, ఆయిల్ పంపు ఉందో లేదో ఇక్కడ రాస్తే, వైరు ఏ పొడవుది తీసుకోవాలో లెక్క కట్టి చెబుతాను.