అర్ధ రూపాయి కార్డు

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి చిన్నికి,

అత్తయ్య ఆశీస్సులు. నీ కొత్త ఉద్యోగం సంగతి మీ నాన్న మొన్న రాత్రి ఫోనులో చెప్పాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు కదా, నువ్వు చెప్పేదాకా ఆగలేకపోయాడు. మత్తు సూదులకు అలవాటుపడి హెచ్‌ఐవీ సోకినవాళ్లను ఐదేళ్లపాటు, ఆరు నెలలకోసారి పిలిచి పరీక్షించే పనట. విజయవాడలోనేనట. గర్వంగా అనిపించింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. కౌన్సెలరుగా నేను సగం జీవితం గడిపింది ఆ పనిలోనే మరి.

అంగీకార పత్రాలు, దారి ఖర్చులు, ఫోను నంబర్లు సరిచూసుకోవడం వంటివి మీ డాక్టర్లు నేర్పుతారు, విను. వాళ్లు చెప్పనివి నేను చెబుతాను.

ఏళ్ల తరబడి పొడుచుకున్న చేతుల్లో నరాలు పూడుకుపోయి ఉంటాయి. రక్తం తీయడానికి చెయ్యి తిరగని పిల్లను కూర్చోబెడితే నాలుగు చోట్ల గుచ్చుతుంది, ఆ మనిషి మళ్లీ గడప తొక్కడు. ఏ నరం పలుకుతుందో అతడినే అడగండి, చూపిస్తాడు. కొందరు రోజూ చికిత్స కేంద్రానికి వెళ్లి, మత్తు సూదికి బదులుగా ఇచ్చే బుప్రెనార్ఫిన్ మాత్ర నాలుక కింద పెట్టించుకుంటారు. వాళ్లను మాత్ర పడ్డాకే పిలువు. మాత్ర పడక ఒళ్లు నొప్పులతో, ముక్కు కారుతూ ఉన్నవాణ్ణి అంత పొడవు ప్రశ్నపత్రం ముందు కూర్చోబెట్టడం పాపం. మిరప కోతల కాలంలో, యార్డు నిండుగా ఉన్నప్పుడు, కూలి మానుకుని రమ్మంటే ఎవరూ రారు. నువ్వే సాయంత్రాలు కూర్చో.

వచ్చినవాళ్లను చూసి మురిసిపోకు. ఒంట్లో కుదుటపడినవాడు వస్తాడు. కుదుటపడనివాడు, జైల్లో ఉన్నవాడు, పోయినవాడు రారు. వచ్చినవాళ్లలో వైరస్ తగ్గిందని లెక్క రాస్తే కాగితం మీద అందరూ బాగున్నట్టే ఉంటుంది. అమెరికాలోని బాల్టిమోర్‌లో 1988లో మొదలైన ‘అలైవ్’ అధ్యయనం ఇలాంటివాళ్లనే ఆరు నెలలకోసారి చూస్తూ దశాబ్దాలు నడిచింది. రానివాళ్ల కోసం మరణాల రికార్డులు కూడా వెతికారు. రెండుసార్లు రాలేదని నువ్వు పేరు కొట్టేయకు. మూడేళ్ల తరువాత తలుపు తోసుకుని వచ్చేవాళ్లను చూశాను. ఇక రానని నోటితో చెప్పినవాడి వెంట మాత్రం పడకు, అది అతడి హక్కు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. ఇది మీ నాన్నకు కూడా తెలియదు.

2003. మా అధ్యయనంలో విజయవాడ ఆటోనగర్ మెకానిక్ ఒకడు ఉండేవాడు, పాతికేళ్లు నిండలేదు. రాణిగారి తోటలో తల్లితో అద్దె గదిలో ఉండేవాడు. రెండుసార్లు వచ్చి మూడోసారి రాలేదు. ఫోను లేదు. ఉత్తరం రాద్దామనుకున్నాను. ఇన్‌లాండ్ కవరు రెండున్నర, పోస్టుకార్డు అర్ధ రూపాయి. ఆ నెల నలభై మందికి రాయాలి. పొదుపు చేసి ఆఫీసులో మెప్పు పొందుదామని కార్డులు తెప్పించాను. జబ్బు పేరు రాయకూడదని నాకు తెలియదా? రాయలేదు. ‘ఫలానా తేదీన పరీక్షకు రాగలరు’ అని మాత్రమే, నా గుండ్రటి అక్షరాలతో, పేరు పక్కన ‘గారు’ పెట్టి రాశాను. కిందిమూల ఆఫీసు ముద్ర వేశాను. ఆ ముద్రలో ఎయిడ్స్ అన్న మాట ఉంది. రోజుకు యాభైసార్లు వేసే ముద్ర, చిన్నీ. దాన్ని చదవడం ఎప్పుడో మానేశాను.

కార్డు ఇంటి యజమాని చేతిలో పడింది. వారం తిరక్కుండా తల్లీకొడుకులు గది ఖాళీ చేశారు. నేను వెళ్లేసరికి గదికి సున్నం వేస్తున్నారు. వాళ్లు తాగిన గ్లాసు కూడా పారేశానని ఇంటావిడ చెప్పింది. తిరిగొచ్చి రిజిస్టరులో ‘చిరునామా మారింది’ అని రాశాను. అబద్ధం కాదు కదా! అంతకన్నా పిరికి మాట నా జన్మలో రాయలేదు.

2004 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఉచితంగా మందులు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ కబురు అతడికి చేర్చడానికి నా దగ్గర చిరునామా లేదు.

మరో మూడేళ్లకు ఇక్కడ మిర్చి యార్డు దగ్గర తల్లి కనిపించింది, కాయల తొడిమలు తీస్తూ. నన్ను ఆవిడే గుర్తుపట్టింది. కొడుకు అంతకుముందు సంవత్సరమే పోయాడట. మా నివేదికలో అతడు ఇప్పటికీ ఊరు మారినవాడే. తిడుతుందనుకున్నాను. ఘాటుకు దగ్గుతూ, ‘ఆ కార్డు దాచుకున్నాడమ్మా. వాడి పేరుతో వచ్చిన ఉత్తరం అదొక్కటే. గారు అని రాశారంట కదా’ అంది. తిట్టి ఉంటే బాగుండేది.

అప్పుడు మాకు చట్టం లేదు. మీకు ఒకరి హెచ్‌ఐవీ సంగతి బయటపెట్టకూడదనే 2017 చట్టం ఉంది, 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. అయినా నాకు భయమే. మీరు ఫోను చేస్తే అవతలి తెరమీద ఏ పేరు పడుతుంది? సందేశం వస్తే ఇంట్లో ముందు చదివేది ఎవరు? ఇవి మనిషి అధ్యయనంలో చేరిన రోజే అడుగు. మనిషి దొరక్కపోతే ఎవరిని అడగమంటారో, వాళ్లకు నువ్వెవరినని చెప్పుకోవాలో కూడా అతడి నోటితోనే చెప్పించుకో. 2024లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. అలాంటప్పుడు ఫోను ఏం మిగులుతుంది, మందుల చీటీ ఏం మిగులుతుంది? మనుషుల ఆనవాళ్లు రెండు మూడు ఉండాలి. రిజిస్టరులో పోయినవాడు వేరు, జైలుకెళ్లినవాడు వేరు, వద్దన్నవాడు వేరు. అందరినీ ఒకే గడిలో తోశావో, నేనే వచ్చి చెవి మెలిపెడతాను.

రోజూ అన్నం వేళకు తిను. నువ్వు నా పోలికే, పనిలో పడితే ఆకలి గుర్తుండదు. ఎవరైనా పోయారని తెలిసిన రోజు ఒంటరిగా గదికి వెళ్లకు. గుంటూరు బస్సెక్కు, అర్ధరాత్రయినా తలుపు తీస్తాను.

ఆదివారం వస్తావు కదా. మీ ఆఫీసు కవరొకటి, ముద్ర వేసినదే, తీసుకురా. లోపల కాగితం పెట్టి లైటుకు ఎదురుగా పట్టి చూస్తాను, బయటికి ఏమేం కనిపిస్తాయో.

మీ అత్తయ్య