వక్రీభవనంలో ఇల్లు ఎక్కడుంది?

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. ఫిజిక్స్ చదువుతూ 'వక్రీభవనం' దగ్గర ఆగిపోయాడు. 'భవనం అంటే ఇల్లు కదమ్మా, కాంతి వంగడానికీ వంకర ఇంటికీ ఏం సంబంధం?' అన్నాడు. నేను చెప్పలేకపోయాను. ఈ మాట ఎలా పుట్టింది?
– ఒక తల్లి, అనంతపురం

జవాబు: మీవాడు ఆగాల్సిన చోటే ఆగాడమ్మా. పరీక్ష టెన్షన్‌లో చాలామంది ఈ మాటను బట్టీ పట్టి దాటేస్తారు.

వంకర ఇల్లు అని అర్థం రావాలంటే అది 'వక్రభవనం' కావాలి. ఇక్కడున్నది 'క్ర' కాదు, 'క్రీ'. ఆ దీర్ఘంలోనే కిటుకంతా ఉంది. సంస్కృతంలో 'భవనం' అంటే 'అవడం' అని కూడా అర్థం, 'అవడం, ఉండడం' అనే అర్థమున్న భూ ధాతువు నుంచి వచ్చింది, మనం ఉండే చోటు కాబట్టి ఇంటికీ ఆ పేరే పడింది. ఇక ముందు అలా లేనిది అలా మారితే ఆ మాటకు 'చ్వి' అనే ప్రత్యయం చేరుతుందని పాణిని చెప్పాడు. విచిత్రమేమంటే ఆ ప్రత్యయం చేరీ చేరగానే తాను మాయమైపోతుంది, మాట చివరి అకారాన్ని మాత్రం ఈకారం చేసి పోతుంది. అంటే వక్రం కానిది వక్రం కావడం, వక్రీభవనం. ద్రవీభవనం, ఘనీభవనం, బాష్పీభవనం అన్నీ ఇదే అచ్చులో పోసినవే, మీవాణ్ణి వరసగా పైకి చదవమనండి, ఆ 'ఈ' వాడి చెవికే తగులుతుంది.

తనంతట తాను అయితే భవనం, ఎవరో చేస్తే కరణం. 'నా మాటల్ని వక్రీకరించారు' అని నాయకులు రోజూ అంటుంటారే, అది దీని తోబుట్టువే.

ఇంగ్లీషువాళ్ల రిఫ్రాక్షన్‌కు మూలం లాటిన్‌లో 'విరగడం', ఎముక విరిగితే అనే ఫ్రాక్చర్ కూడా అక్కడిదే. స్టీలు చెంబులో అడుగున రూపాయి బిళ్ల వేసి, చెంబు అంచు చాటున బిళ్ల కనపడకుండా పోయేదాకా మీవాణ్ణి వెనక్కి జరగమనండి. అక్కడే కదలకుండా నిలబడితే, మీరు నిదానంగా నీళ్లు పోస్తుంటే బిళ్ల పైకి తేలినట్టు మళ్లీ కనపడుతుంది. బిళ్ల నుంచి వచ్చే కాంతి నీళ్లలో నేరుగానే వస్తుంది, గాలిలోనూ నేరుగానే పోతుంది, ఆ రెండూ కలిసే చోట మాత్రం టక్కున దారి మళ్లుతుంది. అందుకే విరగడం అన్నారు, ఆ చూపూ తప్పు కాదు. కానీ మే నెలలో అనంతపురం నుంచి గుత్తికి పోతుంటే రోడ్డు మీద దూరంగా నీళ్లు నిలిచినట్టు కనిపిస్తాయి చూడండి, ఆ ఎండమావిలో విరగడమే లేదు. తారు దగ్గర గాలి బాగా కాగి, పైకి పోయేకొద్దీ వేడి తగ్గుతుంది కాబట్టి, కిందికి దిగే ఆకాశపు వెలుగు కొంచెం కొంచెంగా వంగుతూ మళ్లీ పైకి లేచి మన కంటికి వస్తుంది. అక్కడ మన మాటే సరిగ్గా సరిపోతుంది, అదీ మన సీమ ఎండలో.

ప్రశ్న: వజ్రం మెరుపుకు కూడా ఈ వక్రీభవనమే కారణమా?
– తుగ్గలి, కర్నూలు జిల్లా

జవాబు: చాలావరకు అదే. కాంతిని ఒక పదార్థం ఎంతగా వంచుతుందో చెప్పే అంకె వక్రీభవన గుణకం. అది నీటికి 1.33, మామూలు గాజుకు 1.5 దాకా, వజ్రానికి 2.42. అంత ఎక్కువ కాబట్టి లోపలికి పోయిన వెలుగు లోపలి గోడకు నిటారుగా కాకుండా, ఆ నిటారు గీత నుంచి సుమారు 24 డిగ్రీల కంటే ఎక్కువ వాలి తగిలితే బయటికి రాలేక మళ్లీ లోపలికే తిరుగుతుంది. అలా తిరిగి తిరిగి పైనుంచి బయటపడేలా ముఖాలు చెక్కుతారు. అందుకే తొలకరి వానకు మీ చేలల్లో వజ్రాలు వెతికేవాళ్లు తళతళ మెరిసే రాయి కోసమే చూస్తే లాభం లేదు, సాన పట్టని వజ్రం మామూలు గాజుపెంకులా మసకగా కూడా ఉండొచ్చు.