ఎన్నో నంబరు పడితే ఇల్లు వదలాలి?

ప్రశ్న: తుపాను వచ్చిన ప్రతిసారీ ఓడరేవులో 3వ నంబరు ప్రమాద హెచ్చరిక ఎగురవేశారని, 5వ నంబరుకు పెంచారని వార్తల్లో చెబుతారు. అసలు ఎన్నో నంబరు పడితే మేము ఇల్లు వదలాలి? మా మామగారు 10వ నంబరు పడితే గాని గడప దాటనంటున్నారు.
– ఒక పాఠకురాలు, బందరు దగ్గరి తీరగ్రామం

జవాబు: ఆ నంబర్లను వార్తల్లో చదివే తీరు వింటే ఎవరైనా మీ మామగారిలాగే అనుకుంటారు. నిజానికి అవి ఊళ్ల కోసం కాదు, ఓడల కోసం పెట్టినవి. రేవులోని స్తంభానికి పగలు శంకువు, పీపా ఆకారాలను, రాత్రి ఎరుపు, తెలుపు దీపాలను వేలాడదీసి నావికులకు కబురందించే పాత పద్ధతి అది. 1, 2 నంబర్లు దూరాన సముద్రంలో వాయుగుండమో తుపానో ఉందని చెబుతాయి. 3, 4 నంబర్లు రేవుకే ముప్పు రావచ్చని హెచ్చరిస్తాయి. 5, 6, 7 మూడూ ఒకే తరగతి. 8, 9, 10 అంతకంటే తీవ్రమైన తరగతి. ఒకే తరగతిలోని మూడు నంబర్లకు తేడా తుపాను బలంలో లేదు, అది రేవును ఎడమన ఉంచి తీరం దాటుతుందా, కుడిన ఉంచి దాటుతుందా, రేవు మీదుగానే దాటుతుందా అన్న దాంట్లో ఉంది. (11వ నంబరు అన్నిటికన్నా పెద్ద తుపాను అని కూడా అనుకోవద్దు, తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం.)

కాబట్టి పదికోసం కూర్చున్న మనిషికి, తుపాను రేవును కుడిన ఉంచి దాటుతుందని చెప్పే 9 దగ్గరే ప్రాణం మీదికి రావచ్చు. బంగాళాఖాతం నుంచి పడమరగా వచ్చే తుపానుకు కుడి పక్కన, అంటే మన తీరంలో ఉత్తరపు వైపున, గాలి సముద్రాన్ని ఒడ్డు మీదికి నెడుతుంది గనుక ఉప్పెన సాధారణంగా ఆ పక్కనే ఎక్కువ. 1977 నవంబరు 19న తుపాను తీరం దాటింది చీరాల వైపు. సుమారు 5 మీటర్ల ఉప్పెన ముంచింది దానికి ఈశాన్యాన ఉన్న దివిసీమను. అధికారిక లెక్కల్లోనే దాదాపు 10,000 మంది పోయారు.

మీరు గమనించవలసినవి రెండే. వాతావరణ శాఖ ప్రకటనలో గాలి వేగం తరువాత, మామూలు పోటు కంటే ఎంత ఎత్తున నీరు వస్తుందో, ఏ మండలాలు మునగవచ్చో చెప్పే వాక్యం ఒకటి. ఖాళీ చేయమని అధికారులు వేయించే దండోరా రెండోది. అది వినపడిన పూట, పగటి వెలుగుండగానే, గాలి లేవక ముందే తుపాను షెల్టరుకు చేరాలి, ఎందుకంటే చెట్లు విరిగి పడ్డాక మీ దగ్గరికి బస్సూ రాలేదు, మీరూ దాని దగ్గరికి పోలేరు. మీరు రాయలేదు గాని, పెద్దవాళ్లు కదలనంటే చాలాసార్లు అసలు కారణం కొట్టంలోని గేదెలే. వాటిని ముందుగానే మెరక మీదికి తోలండి. అందుకు వీలు లేకపోతే పలుపులు విప్పి వదలండి, కట్టుగొయ్యన ఉన్న పశువు నీళ్లలో తప్పించుకోలేదు. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్ కార్డులు, మామగారి మందులు ఒకే ప్లాస్టిక్ కవరులో మూతిబిగించి చేతిసంచిలో పెడితే ఆయన సగం మెత్తబడతారు.

ప్రశ్న: హుద్‌హుద్ నాడు మధ్యలో గాలి ఆగితే మా వీధివాళ్లంతా బయటికి వచ్చాం. అది పొరపాటేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: పొరపాటే. 2014 అక్టోబరు 12న ఆ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది. మీరు చూసిన ప్రశాంతత తుపాను కన్నుది. కన్ను దాటిపోయాక గాలి దాదాపు వ్యతిరేక దిక్కు నుంచి అంతే బలంగా విరుచుకుపడుతుంది, మొదటి గాలికి వదులైన రేకులు, కొమ్మలు అప్పుడు ఎగిరి వస్తాయి. గాలి హఠాత్తుగా ఆగితే అనుమానించాలి. క్రమంగా తగ్గితేనే తుపాను పోతున్నట్టు. తీరం దాటిందన్న వార్త విన్నా, ముప్పు తొలగిందని అధికారులు ప్రకటించేదాకా తలుపు తీయకండి. సెల్ టవర్లు కరెంటు లేక మూగబోతాయి కాబట్టి బ్యాటరీ రేడియో ఒకటి ఇంట్లో ఉండాలి.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు మా ఇంట్లోకి వచ్చాయి. మళ్లీ అలా జరిగితే నీరు తీశాక ముందు ఏం చేయాలి?
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: నీరు ఎక్కుతున్నప్పుడే, చేయి, కాలు తడవక ముందు, మెయిన్ స్విచ్ కట్టేయండి. స్విచ్‌బోర్డు మునిగి ఉంటే నీరు తీశాక ఎలక్ట్రీషియన్ చూసేదాకా దాన్ని తాకవద్దు. ఫ్రిజ్, మోటారు పైకి పొడిగా కనిపించినా లోపల తడి ఉంటుంది. సంపు తోడి, కడిగి, బ్లీచింగ్ వేయించేవరకు ఆ నీరు తాగడానికి వాడవద్దు. బురద ఎత్తే ముందు గోడ మీద నీటి మరక, పాడైన సామాను కనబడేలా ఫోటోలు తీయండి. నష్టపరిహారం నమోదుకు వచ్చినవాళ్లు అవే అడుగుతారు.