నోటికి గుర్తున్న రుచి చేతికి రావాలంటే

కన్నా,

నీ ఉత్తరం అందింది. అమ్మ చేసే శనగల కూర చేద్దామని చూశావనీ, అన్నీ వేసినా ఆ రుచి రాలేదనీ, నాన్నా నువ్వూ మాట్లాడుకోకుండా తినేసి లేచారనీ రాశావు. ‘పెద్దమ్మా, అమ్మ ఏమేం వేసేదో కొలతలతో సహా రాసి పంపు’ అన్నావు. అదెంత పని, ఈ ఉత్తరం చివర రాస్తాను. కానీ ఒక్క కొలతలతోనే నీ పని తీరదు. మిగతాది కూడా చెప్తాను, తీరిగ్గా చదువుకో.

ముందు ఒక మాట. ‘ఇది అమ్మ కూర కాదు’ అని నోట్లో పెట్టుకోగానే తెలిసిందన్నావు చూడు, అది బాధపడాల్సిన విషయం కాదు. ఆ రుచి నీలో భద్రంగా ఉంది కాబట్టే తేడా తెలిసింది. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం నిజానికి వాసనే. నములుతున్నప్పుడు గొంతు వెనక నుంచి ముక్కులోకి చేరే వాసన అది. జలుబు చేస్తే అన్నీ చప్పగా ఉండేది అందుకే. కంటికి కనిపించేదీ చెవికి వినిపించేదీ మెదడులో థాలమస్ అనే చోట ఆగి వెళ్తాయి. వాసనకు ఆ మజిలీ లేదు, జ్ఞాపకాలనూ భావోద్వేగాలనూ చూసుకునే భాగాలకు దగ్గరి దారిలో చేరిపోతుంది. ఫొటో చూస్తే, మాట వింటే గుర్తొచ్చేవి ఎక్కువగా పదేళ్లు దాటాక జరిగినవి. వాసనతో గుర్తొచ్చేవి మాత్రం ఎక్కువగా మొదటి పదేళ్లలోవి. ఇది పరిశోధకులు చూసి చెప్పిన సంగతే.

ఇంకా వెనక్కి వెళ్తే, 2001లో అమెరికాలో ఒక ప్రయోగం ఫలితాలు వచ్చాయి. గర్భంతో ఉన్నప్పుడో పాలిచ్చే రోజుల్లోనో క్యారెట్ రసం తాగిన తల్లుల పిల్లలు, తర్వాత క్యారెట్ కలిపిన ఆహారం పెడితే, తాగని తల్లుల పిల్లలంత మొహం చిట్లించలేదు. తల్లి తిన్నదాని రుచి ఉమ్మనీటిలో, పాలలో బిడ్డకు చేరుతుందన్నమాట. నీకు పళ్లు రాకముందే మీ అమ్మ వంట నీకు పరిచయం. అంత పాత సంగతిని కాగితం మీది నాలుగు చెంచాలూ రెండు గుప్పెళ్లూ ఎలా పట్టుకొస్తాయి చెప్పు?

మీ అమ్మ కొలిచి ఎరుగదు. నాతోపాటు ఒకే వంటింట్లో పెరిగింది కాబట్టి చెప్తున్నాను, దాని వంటంతా చూపులో, వేళ్లలో, ముక్కులో ఉండేది. అందుకని ‘ఎంత వేసేది?’ అని కాక, ‘ఎప్పుడు ఆపేది?’ అని అడుగు. కూర తేడా వచ్చేది అక్కడే.

శనగల సంగతే తీసుకో. రాత్రంతా నానిన శనగలు ఉడుకుతుంటే ఒక్కటి గరిటెతో తీసి, ఊది, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కేది. పొట్టు జారి లోపలి పప్పు పిండిలా చిదిమిపోవాలి. రెండు బద్దలుగా విడిపోయిందంటే ఇంకా కాలేదని లెక్క. అలా చిదిమేదాకా టమాటా దగ్గరికి కూడా వెళ్లేది కాదు. పులుపు తగిలితే గింజ గట్టిగా ఉండిపోయి మెత్తబడటానికి చాలాసేపు పడుతుంది. నువ్వు అన్నీ ఒకేసారి కుక్కర్లో వేశానన్నావు, నీ మొదటి తేడా అది. రెండోది నీళ్లు. మీరున్న చోట బోరు నీళ్లని మీ నాన్న అనేవాడు. అవి బాగా గట్టి నీళ్లైతే వాటిలోని కాల్షియం, మెగ్నీషియం గింజను తొందరగా మెత్తబడనివ్వవు. నానబెట్టడానికీ ఉడికించడానికీ తాగే నీళ్లు వాడి చూడు. నానేటప్పుడు కాస్త ఉప్పు వెయ్యి, పొట్టు మెత్తబడుతుంది. ఉప్పు వేస్తే గింజ ఉడకదని చాలామంది అంటారు కానీ అది నిజం కాదు. సోడా మాత్రం వద్దు, గింజ ముద్దయిపోయి సబ్బు వాసన వస్తుంది.

ఇక ఉల్లిపాయలు. నన్నడిగితే ఆ కూర ప్రాణమంతా వాటిలోనే ఉంది. ఐదు నిమిషాలు వేయిస్తే రంగు మారుతుందని ఎవరు చెప్పినా నమ్మకు. ముక్కలోని నీరు పోయేదాకా దాని వేడి నీళ్లు మరిగే వేడిని దాటదు. నీరు ఇగిరిపోయి వేడి 140 డిగ్రీల దాకా ఎక్కితేనే ఆ గోధుమరంగూ ఆ కమ్మటి వాసనా జోరుగా వస్తాయి. దీని వెనకున్న రసాయన చర్యను 1912లో మయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వివరించాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. మీ అమ్మకు ఆ పేరు తెలియదు. కానీ చిటపట సద్దుమణిగి నూనె అంచుల్లోకి తేలేదాకా కదిలేది కాదు. సన్నటి సెగ మీద అరగంట పైనే పడుతుంది. అప్పుడు వంటింట్లోంచి బయటికి వచ్చి, రెండు నిమిషాలాగి మళ్లీ లోపలికి వెళ్లు. అక్కడే నిలబడితే ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది, తిరిగి వచ్చినప్పుడే సరిగ్గా తెలుస్తుంది. ‘ఆ, ఇదే’ అనిపించిన క్షణం రాసిపెట్టుకో, మంట ఎంతుందో, రంగు ఎలా ఉందో కూడా.

ఇంకో ప్రశ్న, బహుశా ఎవరూ నిన్ను అడిగి ఉండరు. నీకు కావాల్సింది ఏ కాలం నాటి కూర? నువ్వు రెండో తరగతిలో ఉన్నప్పటిదా, కాలేజీ నుంచి సెలవులకు వచ్చినప్పటిదా, చివరి రెండు మూడేళ్లదా? అవన్నీ ఒక్కటి కావు కన్నా. నీ చిన్నప్పుడు నీకోసం కారం తగ్గించేది. మీ నాన్నకు బీపీ వచ్చాక ఉప్పు తగ్గించింది. చివర్లో నిలబడే ఓపిక లేక ఉల్లిపాయలు త్వరగా దించేసేది. మీ నాన్న నోట్లో ఉన్నది పెళ్లైన కొత్తలో తిన్న కూర, నీ నోట్లో ఉన్నది బడినుంచి వచ్చాక తిన్నది. ఇద్దరూ ఒకే కూర వెతుకుతున్నామనుకుని చెరొకటి వెతుకుతున్నారు. నువ్వు పిలిచి అడుగు. ‘నాన్నా, మీకు గుర్తున్నది ఎలా ఉండేది?’ అని. ఆయన మాటకారి కాడు, నాకు తెలుసు. అమ్మ గురించి చెప్పమంటే గొంతు పెగలదు. కూర గురించి అడిగితే చెప్తాడు. అందులోనే ఆవిడ గురించి కూడా వస్తుంది. తిన్నవాళ్లకు గుర్తున్నది వండినవాళ్లు కూడా చెప్పలేరు.

ఒకటి మనసులో పెట్టుకో. వయసు పైబడేకొద్దీ వాసన తెలియడం తగ్గుతుంది, అరవై దాటాక చాలామందిలో బాగా తగ్గుతుంది. నువ్వు ఎంత బాగా చేసినా ఆయనకు చప్పగానే అనిపించవచ్చు. ‘అలా లేదురా’ అంటే అది నీ చేతి మీద తీర్పు అనుకోకు, ఉప్పు పెంచేయకు. నిమ్మకాయ పిండు, వేయించి దంచిన జీలకర్ర పైన చల్లు. వాసన పెరిగితే రుచి పెరుగుతుంది.

వంటల జ్ఞాపకం మనిషికి ఎంత ముఖ్యమో చెప్పడానికి నాకెప్పుడూ ఒకావిడ గుర్తొస్తుంది. మీనా పేఖ్టర్ అని, రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు టెరెజీన్ నిర్బంధ శిబిరంలో పెట్టిన యూదు మహిళ. అక్కడ తిండి లేక మనుషులు చచ్చిపోతుంటే ఆవిడా తోటి ఆడవాళ్లూ తమ ఇళ్లలో చేసుకునే వంటలు గుర్తుచేసుకుని, దొరికిన కాగితాల మీద రాసి, చేత్తో కుట్టి పుస్తకం చేశారు. ఆవిడ 1944లో అక్కడే చనిపోయింది. చనిపోయే ముందు ఆ కాగితాలను ఒక స్నేహితుడి చేతికిచ్చి, దూరాన ఉన్న కూతురికి చేర్చమంది. అవి చేతులు మారి మారి, పాతికేళ్లకు న్యూయార్క్‌లో ఉన్న ఆ కూతురికి అందాయి. కొన్నింటిలో దినుసులు తప్పిపోయాయి, కొన్ని సగంలో ఆగిపోయాయి. అలా ఉన్నా ఆ తల్లి కూతురికి పంపాలనుకున్నది అవే. నువ్వు కూడా సగం తెలిసినదాన్ని సగంగానే రాసిపెట్టు. పూర్తిగా తెలిశాక రాద్దామని ఆగితే ఆ సగం కూడా పోతుంది.

ఇప్పుడు నీతో గట్టిగా చెప్పాల్సింది. పోయినవాళ్ల కూర కోసం ఇంత తపన పడుతున్నావు, ఉన్నవాళ్ల సంగతేంటి? మీ నాన్న ఆదివారం పొద్దున చేసే గుడ్ల కూర నీకు వచ్చా? రాదు. ‘నాన్న ఉన్నారుగా’ అనుకుంటావు. అమ్మ విషయంలోనూ అందరం అలాగే అనుకున్నాం. ఈ ఆదివారం పక్కన నిలబడు. ‘ఎంత వేశారు, ఎంత వేశారు’ అని మధ్యలో అడగొద్దు, అడిగితే చేయి తడబడి రోజూ వేసేది వేయరు. దానికి ఒక ఉపాయం ఉంది. వంట మొదలుకాకముందు ఉప్పు డబ్బా, కారం డబ్బా, నూనె సీసా వంటింటి కాటా మీద పెట్టి బరువు రాసుకో. అయ్యాక మళ్లీ పెట్టు. తేడా ఎంతో అదే కొలత. ఆయన్ని ఒక్క మాట అడగక్కర్లేదు. ఫోన్లో వీడియో తీసేటట్టయితే మొహం కాదు, చేతులు తియ్యి, మూకుడు కనిపించాలి. శబ్దం కూడా ముఖ్యం, చిటపట ఎప్పుడు తగ్గిందో అందులో వినిపిస్తుంది.

వండాలని లేని రోజు వండకు. అమ్మ గుర్తొచ్చి కడుపులో దేవినట్టయ్యే రోజున ఆ కూర జోలికి పోవద్దు, బయట ఏదో తినేసి పడుకో. ఎవరైనా ఇంటికి వచ్చినప్పుడు చెయ్యి, నలుగురు ఉంటే ఆ రుచి బరువు ఒక్కడి మీదే పడదు. అది నీ చేతికి వచ్చాక కొంచెం మారుతుంది, మారనీ. మీ అమ్మ కూడా మా అమ్మ కూరను యథాతథంగా చేయలేదు, వెల్లుల్లి తనే చేర్చింది. మా అమ్మ ఒక్కరోజు కూడా వద్దనలేదు.

కొలతలు, నాకు గుర్తున్నంత వరకు: మీ ఇద్దరికీ మిగిలేలా ఒక గ్లాసు శనగలు, పెద్ద ఉల్లిపాయలు మూడు, టమాటాలు రెండు, వెల్లుల్లి రెబ్బలు ఆరేడు, నూనె నువ్వు అనుకునేదానికంటే ఒక గరిటె ఎక్కువ. ఉప్పూ కారం మీ నాన్న చెప్పినదాన్ని బట్టి వేసుకో. ఆయన చెప్పిందంతా కాగితం మీద పెట్టి ఫొటో తీసి పంపు. అందులో మా అమ్మ దగ్గర నుంచి వచ్చింది ఏదో, మీ అమ్మ సొంతంగా చేర్చుకున్నది ఏదో నేను విడదీసి చెప్తాను. ఉల్లిపాయలు వేగేటప్పుడు ఒకసారి వీడియో కాల్ చెయ్యి, రంగు చూసి ఎప్పుడు ఆపాలో చెప్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ