ఫోన్ మోగింది సరే, ఎత్తాడా?

ప్రశ్న: అయిదు నెలల కిందట మా తమ్ముడు బైక్ మీద ఇంటికి వస్తుంటే వెనక నుంచి లారీ గుద్దింది. అక్కడికక్కడే చనిపోయాడు. సరిగ్గా ఆ వేళకే మా మరదలు అతనికి ఫోన్ చేసింది. తన వల్లే పోయాడని తిండి మానేసింది. ఇన్సూరెన్స్ తరఫు మనిషి ఇంటికొచ్చి, ఫోన్ మాట్లాడుతూ బండి నడపడం నేరం కాబట్టి పైసా రాదన్నాడు. ఫోన్ ఫార్మాట్ చేసేసి, ఆమె అసలు ఫోనే చేయలేదని చెప్పమని బంధువుల సలహా. లారీ డ్రైవర్ మీద క్రిమినల్ కేసు తేలాక పరిహారం కేసు వేద్దామనుకుంటున్నాం. మేం ఏం చేయాలి?

జవాబు: మీ మరదలు ఫోన్ చేసిందని రాశారు. మీ తమ్ముడు దాన్ని ఎత్తాడో లేదో ఎక్కడా రాయలేదు. ఫోన్ మీద నడిచే వాదనంతా ఆ ఒక్క మాట మీదే ఉంది. ఎత్తని కాల్ చట్టం దృష్టిలో ఫోన్ వాడటం కాదు. జేబులో ఫోన్ మోగితే బండి నడిపే మనిషి నేరస్తుడు కాడు.

అందుకే ముందు ఫార్మాట్ ఆలోచన మానుకోండి. అతని ఫోన్‌లో ఆ కాల్ మిస్డ్ కాల్‌గా నమోదై ఉంటే మీకు అంతకంటే మంచి సాక్ష్యం లేదు. దాన్ని మీ చేతులతో మీరే చెరిపేస్తారా? ఒకవేళ ఎత్తి మాట్లాడి ఉంటే, ఫోన్ ఎంత తుడిచినా కాల్ వివరాలు టెలికాం కంపెనీ దగ్గర ఉంటాయి. లైసెన్సు షరతుల ప్రకారం కంపెనీలు వాటిని కనీసం 2 సంవత్సరాలు దాచాలి. మీ మరదలి నంబరు వివరాల్లోనూ అదే కాల్ కనిపిస్తుంది. అప్పుడు ఆమె 'చేయలేదు' అని ప్రమాణం చేసి చెబితే అబద్ధపు సాక్ష్యం అవుతుంది. కోర్టుకు రావలసిన ఎలక్ట్రానిక్ రికార్డును కావాలని నాశనం చేయడం భారతీయ న్యాయ సంహిత 241 సెక్షన్ కింద నేరం. శిక్ష 3 సంవత్సరాల దాకా ఉంది. భర్తను పోగొట్టుకున్న మనిషిని ముద్దాయిని చేసే సలహా ఇచ్చిన బంధువులను ఈ కేసుకు దూరంగా ఉంచండి.

ఇన్సూరెన్స్ మనిషి చెప్పింది సగం నిజం. మోటారు వాహనాల చట్టం 184 సెక్షన్ ప్రకారం, నడుపుతూ చేతిలో ఫోన్ వాడటం ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందికి వస్తుంది. మొదటిసారి అయితే 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మూడేళ్ల లోపు మళ్లీ చేస్తే 2 సంవత్సరాల దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. దారి చూసుకోవడానికి మాత్రం, ఏకాగ్రత చెడకుండా ఫోన్ వాడుకోవచ్చని 2020లో నిబంధనలు మార్చారు. ఇవన్నీ నడిపేవాడికి వేసే శిక్షలు. ఫోన్ మాట్లాడినవాడి కుటుంబానికి పరిహారం రాదని అందులో ఎక్కడా లేదు.

పరిహారం దగ్గర అడిగే ప్రశ్న వేరు: ప్రమాదానికి ఫోన్ కారణమా? ఒకే మోటార్ సైకిల్ మీద ముగ్గురు వెళ్లిన కేసులో (మహ్మద్ సిద్ధిఖీ కేసు, 2020) సుప్రీంకోర్టు ఈ మాటే స్పష్టం చేసింది. నిబంధన ఉల్లంఘించినంత మాత్రాన మృతుడి తప్పూ ఉందనలేం. ఆ ఉల్లంఘనకూ ప్రమాదానికీ సంబంధం రుజువు కావాలి. రుజువు చేయాల్సింది ఆ మాట అనే ఇన్సూరెన్స్ కంపెనీయే. తన దారిన తాను పోతున్న బండిని వెనక నుంచి లారీ గుద్దితే, ముందున్నవాడు ఫోన్‌లో ఉండటం కారణమని చూపించడం అంత తేలిక కాదు. చూపించినా కేసు కొట్టేయరు, అతని తప్పు వాటా మేరకు తగ్గిస్తారు. ఉదాహరణకు 30 లక్షలు తేలి అతని వాటా 20 శాతం అన్నారనుకోండి, 24 లక్షలు వస్తాయి.

ఇక సమయం లెక్క. కాల్ డేటా రికార్డులో కాల్ మొదలైన గంట, నిమిషం, సెకను, ఎన్ని సెకన్లు నడిచిందీ ఉంటాయి. 7:42:10కి మొదలై 35 సెకన్లు నడిస్తే 7:42:45కి ముగిసినట్టు. ప్రమాద సమయం మాత్రం ఎఫ్ఐఆర్‌లో 'సుమారు 7:45 గంటలకు' అని ఉంటుంది. ఈ 'సుమారు'ను పట్టుకునే అవతలి లాయర్ కాల్ నడుస్తుండగానే గుద్దిందంటాడు. 108కి మొదటి ఫోన్ ఎప్పుడు వెళ్లిందో తెలిస్తే, ప్రమాదం దాని తర్వాత జరగలేదని మాత్రం తేలుతుంది. అసలు క్షణం సీసీటీవీలోనే దొరకాలి. పెట్రోల్ బంకుల్లో, దుకాణాల్లో పాత ఫుటేజీ కొద్ది రోజుల్లోనే చెరిగిపోతుంది. అయిదు నెలలు చేతులు కట్టుకు కూర్చున్నారు కాబట్టి అది దొరక్కపోవచ్చు, అయినా పోలీసులు అప్పట్లో కాపీ తీసుకున్నారేమో అడగండి. కెమెరా గడియారం నాలుగైదు నిమిషాలు అటూ ఇటూ ఉండటం మామూలే. బంకు అయితే అదే దృశ్యంలో కొట్టిన బిల్లు మీది సమయంతో పోల్చాలి.

కాల్ డేటా మీరు సొంతంగా తెప్పించుకోలేరు. డబ్బులిస్తే తెచ్చిపెడతామనే ఏజెంట్ల జోలికి అసలు పోవద్దు. టెలికమ్యూనికేషన్స్ చట్టం 2023 కింద అది 3 సంవత్సరాల దాకా జైలు, లేదా 2 కోట్ల దాకా జరిమానా, లేదా రెండూ ఉన్న నేరం. దర్యాప్తు అధికారిని రాతపూర్వకంగా అడగండి, లేదా కేసు వేశాక ట్రిబ్యునల్ (రోడ్డు ప్రమాదాల పరిహారం కేసులు వినే కోర్టు) ద్వారా టెలికాం కంపెనీకి సమన్లు పంపించండి. రికార్డుతో పాటు భారతీయ సాక్ష్య అధినియం 63(4) కింద సర్టిఫికెట్ రావాలి. అది లేని ప్రింటు తీసుకెళ్తే అభ్యంతరం తప్పదు. వాట్సాప్ కాల్ అయితే కాల్ డేటాలో మామూలు కాల్‌గా కనబడదు, అప్పుడు ఫోనే దిక్కు. ఫోన్ చేతిలో ఉందా, జేబులో ఉండి చెవిలో ఇయర్‌ఫోన్ ఉందా అన్నది ఏ రికార్డూ చెప్పదు.

ఇప్పుడు మీ అసలు పొరపాటు. క్రిమినల్ కేసు తేలేదాకా ఆగుదామని ఎవరు చెప్పారు? పరిహారం కేసు దానితో సంబంధం లేకుండా నడుస్తుంది. మోటారు వాహనాల చట్టం 166(3) సెక్షన్ ప్రకారం గడువు ప్రమాదం జరిగిన నాటి నుంచి 6 నెలలే. ఈ గడువు చెల్లుబాటు మీద సుప్రీంకోర్టులో సవాలు ఉంది కానీ, దాన్ని నమ్ముకుని ఆగకండి. మీకు నెల కూడా లేదు.

పోలీసులు సవివర ప్రమాద నివేదికను 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కు పంపాలి. దాన్ని పరిహారం దరఖాస్తుగా తీసుకోవచ్చు. పంపారో లేదో ట్రిబ్యునల్ కార్యాలయంలో నంబరు అడిగి తెలుసుకోండి. లేదంటే ఈ వారంలోనే మరదలు, పిల్లలు, తల్లి హక్కుదారులుగా పిటిషన్ వేయించండి. ప్రమాదం జరిగిన చోటైనా, మీరు ఉండే చోటైనా వేయవచ్చు. ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, పోస్టుమార్టం రిపోర్టు, స్థల పంచనామా, రఫ్ స్కెచ్, మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు ధ్రువీకరించిన నకళ్లు తీసుకోండి. బైక్ వెనక భాగం, లారీ ముందు భాగం దెబ్బతిన్నాయని ఇన్‌స్పెక్టర్ రాసి ఉంటే కేసులో సగం బరువు దిగినట్టే.

ఇన్సూరెన్స్ మనిషి మళ్లీ వస్తే మరదలి చేత తెల్ల కాగితం మీద సంతకం పెట్టించకండి. తప్పు ఎవరిదనే ప్రశ్న లేకుండా ఇచ్చే 5 లక్షలకు ఒప్పుకోమని ఫారం చూపించవచ్చు. సెటిల్‌మెంట్ పద్ధతిలో ఆ డబ్బు తీసుకుంటే పెద్ద పరిహారం పిటిషన్ రద్దవుతుంది. తమ్ముడి ఫోన్ ఛార్జింగ్ పెట్టి, కాల్ లాగ్ తెరను మరో ఫోన్‌తో ఫొటో తీసి, కవర్లో పెట్టి బీరువాలో ఉంచండి. పోలీసులు అడిగితే రసీదు తీసుకునే ఇవ్వండి.